పోస్టర్ మీది చెయ్యి

ఆదివారం మధ్యాహ్నం, అమీర్‌పేటలో ఒక కంప్యూటర్ కోచింగ్ సెంటరు మూడో అంతస్తు. డాన్సు కోసం బెంచీలన్నీ గోడకి నెట్టేసి ఉన్నాయి. బోర్డు మీద నిన్నటి జావా పాఠం చెరపలేదు. ఆ బోర్డు ముందు నిలబెట్టి మంజూష భార్గవ్‌ని కడిగి పారేస్తోంది. ఇలాంటి మనిషితో కలిసి డాన్స్ క్లాసు పెట్టినందుకు ఆమెకి తన మీద తనకే రోత పుడుతోంది.

“మళ్ళీ చెప్పు. నాకు సరిగ్గా వినపడలేదు.”

“వినపడింది మంజూషా. ఇందాకట్నుంచీ చెప్పించుకుంటూనే ఉన్నావు.”

“ఇంకోసారి చెప్పు. నీ నోటితో నువ్వు చెబుతుంటే చూడాలని ఉంది.”

“సాయంత్రం షోలో నీ పక్కన జగదీశ్ వద్దన్నాడు క్లబ్బు మేనేజరు. మన క్లాసులో తారక్‌ని పెట్టమన్నాడు.”

“ఎందుకంట?”

“ఎందుకంటే ఏం చెప్పను. లుక్ అన్నాడు.”

“లుక్ అంటే?”

“లుక్ అంటే లుక్కే.”

“నసగకు భార్గవ్. నలుపని అన్నాడా, లేదా?”

“ఆ మాట అనలేదు.”

“మరేమన్నాడు?”

“బంజారాహిల్స్ నుంచి పెద్ద పెద్దవాళ్ళు వస్తారు, అమ్మాయి పక్కన మనిషి కాస్త... కాస్త శుభ్రంగా కనపడాలి అన్నాడు.”

“చీ.”

“నేననలేదు. వాడన్నాడు.”

“జగదీశ్ శుభ్రంగా లేడా? వాళ్ళ ఫ్లోరు చూశావా నువ్వు? మొన్న రిహార్సల్‌కి వెళ్తే బీరు ఒలికి ఒలికి జిగురు పట్టేసింది. కాలు తిప్పితే కాలొచ్చింది గానీ బూటు రాలేదు. సోఫా మీద ఎవడో కక్కితే, తుడవకుండా దాని మీద సెంటు కొట్టారు. ఆ కంపుకి నేను ఇంటికెళ్ళి అన్నం తినలేకపోయాను. వాళ్ళా మాట్లాడేది శుభ్రం గురించి?”

“క్లబ్బులన్నీ అంతే.”

“అంతే అయితే మనమెందుకు వెళ్తున్నాం?”

“నువ్వే అడిగావు కదా. పంజాగుట్ట క్లబ్బులో మన షో పడితే చాలు అన్నావు. ఈ ఊళ్ళో స్వింగ్ జాజ్ అంటే ఎవడికి తెలుసు చెప్పు? మనం కింద బోర్డు పెడితే సగం మంది జావా అనుకుని పుస్తకాలు పట్టుకొచ్చారు. మన తాతల కాలంలో అమెరికాలో జనం ఆడుకున్న ఆట. దాన్ని ఇప్పటి పిల్లలు చూడాలంటే క్లబ్బుకి పోవాలి, తప్పదు.”

“అదే ఆట చూస్తారా వాళ్ళు? నా నెత్తిన కోడి ఈకలు పెట్టుకోమన్నాడు నీ మేనేజరు. పాట కింద దబదబమని డీజే బీటు కలుపుతాడట. ట్రంపెట్ ఓదెలుని తెర వెనక కూర్చోపెడతాడట.”

“ఓదెలు పెళ్ళి బ్యాండు యూనిఫారం వేసుకొచ్చాడు మరి. వాడేం చేస్తాడు?”

“ఆ ఓదెలుని బోరబండ నుంచి బతిమాలి తెచ్చింది ఎవరు? నువ్వే. అప్పుడేమన్నావు? ఊదితే ఇలా ఊదాలి, ఈ ట్రంపెట్ లేనిదే మన డాన్సు లేదు అన్నావు. ఏరు దాటేదాకా ఓడ మల్లయ్య, దాటాక బోడి మల్లయ్య.”

“అనుకో. నీ ఇష్టం వచ్చింది అనుకో.”

“అనుకోవడం కాదు. మొదటి క్లాసు గుర్తుందా నీకు? ఇదిగో ఇక్కడే నిలబడి చెప్పావు. ఈ డాన్సు పుట్టించింది నల్లవాళ్ళు, వాయించింది వాళ్ళు, ఆడింది వాళ్ళు, అయినా కొన్ని క్లబ్బుల్లో వాళ్ళని ముందు తలుపులోంచి రానిచ్చేవాళ్ళు కాదు, వంటింటి వైపు నుంచి రావాల్సిందే అని. చెప్తూ చెప్తూ కళ్ళు తుడుచుకున్నావు.”

“నువ్వు ఏడ్చావు కూడా.”

“ఏడ్చాను. ఇప్పుడు ఏడుపు రావట్లేదు, వాంతి వస్తోంది.”

“నాకు మాత్రం బాగుందా? వాడితో వాదించాను. వినలేదు. కుట్టుపని చేసుకునేవాడట కదా, ఇంకెవరూ దొరకలేదా మీకు అన్నాడు.”

“నువ్వేమన్నావు దానికి?”

“ఏమంటాను?”

“ఏమీ అనలేదు. అంతేగా? యూసుఫ్‌గూడలో టైలరయితే ఏం, మా క్లాసులో అతనంత బాగా ఆడేవాడు లేడు అని ఒక్క ముక్క అనలేకపోయావు. పైన పటారం, లోన లొటారం.”

“సరే. షో మానేద్దామా? నువ్వు ఊ అను, ఇప్పుడే ఫోన్ చేసి చెప్పేస్తాను.”

“మానేద్దామని నేనన్నానా?”

“మరేంటి?”

“జగదీశ్‌తో ఆడతానంటున్నాను.”

“అది కుదరదంటున్నారు కదా.”

“కుదిరేట్టు చెయ్యి.”

“ఎలా?”

“నాకేం తెలుసు? నువ్వు కదా మాట్లాడేది వాళ్ళతో.”

“అంటే మానెయ్యనూ వద్దు, తారకూ వద్దు.”

“జగదీశ్ లేకపోతే నేను ఫ్లోరు ఎక్కను. అంతే.”

“ఎక్కవా?”

“ఎక్కను.”

“మరి మీ బాబాయి అచ్యుతరావు గారికి ముందు వరసలో టేబులు వేయించమన్నావే. వేయించాను. పిన్నిగారు కూడా వస్తున్నారు. వాళ్ళకి ఫోన్ చేసి రావద్దని చెప్పు మరి.”

“వాళ్ళ గొడవ ఇప్పుడెందుకు?”

“ఊరికే అడిగాను. నీ జోడీ ఎవరని అడగలేదా పిన్నిగారు?”

“అడిగింది.”

“ఏం చెప్పావు?”

“మా డాన్సులో జోడీలంటూ ఉండవు పిన్నీ, పాట పాటకీ మనిషి మారతాడు అని చెప్పాను. నిజమే కదా? క్లాసులో రూలే అది. పాట అవగానే చెయ్యి వదిలెయ్యాలి, ఇంకొకళ్ళు చెయ్యి చాపితే కాదనకూడదు.”

“క్లాసులో నిజమే. సాయంత్రం షోలో మాత్రం మొదట్నుంచి చివరిదాకా ఒకడే.”

“అదీ చెప్పాలా?”

“ఆ ఒకడూ తారక్ అయితే పిన్నిగారికి ఇబ్బందేమీ లేదేమో.”

“ఏంటి నీ ఉద్దేశం?”

“ఏం లేదు.”

“లేదు, చెప్పు. క్లబ్బువాడు జగదీశ్‌ని వద్దంటే నాకు లోపల హాయిగా ఉందనా?”

“నేనలా అన్నానా?”

“నీ మొహం అంటోంది. సిగ్గులేదూ నీకు? అతను మొదట్లో నన్ను మేడం, మేడం అనేవాడు. ఆ మాట మాన్పించి పేరు పెట్టి పిలిపించుకోడానికి నాకు తలప్రాణం తోకకొచ్చింది. అలాంటి నన్ను పట్టుకుని అంటావా?”

“మరి పోస్టర్ చూసి ఏమీ అడగలేదా పిన్నిగారు?”

“పోస్టర్ గోల ఎందుకిప్పుడు?”

“అమీర్‌పేట నుంచి పంజాగుట్ట దాకా ఏ గోడ చూసినా నువ్వే. ఒరాకిల్ కోచింగ్ పోస్టర్ల మధ్యలో గిర్రున తిరుగుతూ నువ్వు. నీ చెయ్యి పట్టుకుని ఒక చెయ్యి. చెయ్యే గానీ మనిషి లేడు. ఛాయ్ బండి దగ్గర అందరూ నన్ను అదే అడుగుతున్నారు, ఆ చెయ్యి ఎవరిది సార్ అని.”

“భార్గవ్, పోస్టర్ సంగతి ఎత్తొద్దన్నానా?”

“ఎత్తను. నువ్వు నన్ను పురుగుని చూసినట్టు చూస్తుంటే గుర్తొచ్చింది, అంతే.”

“ష్. మెట్లెక్కుతున్నారు ఎవరో.”

“జగదీశే. ఆ ఈల వాడిదే.”

“నువ్వు చెప్పు అతనికి.”

“నేనా? నేను చెప్పలేను.”

“షోలో అతనే అని మాట ఇచ్చింది నువ్వు, తప్పింది నువ్వు. చెప్పేది నేనా?”

“ఏందన్నా, తలుపు దగ్గరికేసిన్రు? బయట గాలి మంచిగొస్తున్నది గదా. పట్టు మంజూషా, నీ లంగా. జర చుట్టుకోని తిరిగి చూడు. అంచుకు లోపట గట్టి గుడ్డ పట్టీ వేసిన, తిరిగితే గొడుగు లెక్క విచ్చుకుంటది.”

“తర్వాత చూస్తాలే జగదీశ్.”

“తర్వాత ఎప్పుడు? జర సేపైతే పోవాలె. లూజు ఉంటె ఇప్పుడే చెప్పు, సూదిదారం జేబులనే ఉన్నది.”

“బాగుంది.”

“చూడకుండనే బాగున్నదా?”

“నువ్వు కుడితే బాగోకుండా ఎలా ఉంటుంది?”

“గట్లంటవా. అన్నా, నువ్వన్న చూడు, నా కోటు. మా అమ్మ కాంతవ్వ చూసి ఏమన్నదో ఎర్కనా? పెండ్లికి కోటు కుట్టుకోరా అంటె కుట్టుకోకపోతివి, ఎగురుడుకు కుట్టుకుంటివా అన్నది. అనుకుంటనే ఇస్త్రీ సుత ఆమెనే చేసిచ్చింది.”

“బాగుంది జగదీశ్. చాలా బాగుంది.”

“ఇద్దరూ ఒక్కటే మాట చెప్తున్నరు. ఏమైంది?”

“ఏం కాలేదు.”

“ఏం కాకపోతె అన్న ఎందుకు తేలు కుట్టిన దొంగ లెక్క నిలబడ్డడు?”

“నువ్వు చెప్పు భార్గవ్.”

“నువ్వు... నువ్వే చెప్పరాదూ మంజూషా?”

“ఎవరో ఒకరు చెప్పుండ్రి. నాకేం ఫికర్ లేదు.”

“క్లబ్బువాళ్ళు, జగదీశ్... అంటే వాళ్ళకి ఒక పద్ధతి ఉంది. తప్పో ఒప్పో, ఆ క్లబ్బు వాళ్ళది కదా...”

“నన్ను వద్దన్నరు.”

“నీకెవరు చెప్పారు?”

“చెప్పుడెందుకన్నా. మొన్న రిహార్సల్ నాడు మీరిద్దరు ముందుగాల పోయిన్రు. నేను ఎనుక వచ్చిన. తలుపు కాడ ఉన్నాయన నా చేతిల బట్టల సంచి చూసిండు, నన్ను చూసిండు, సామాన్లు తెచ్చేటోళ్ళు అటు దిక్కు అన్నడు. వంటింటి దిక్కు. గా తొవ్వల నుంచే లోపటికొచ్చిన.”

“వంటింట్లోంచా?”

“అవు. ఉల్లిగడ్డలు కోస్తున్నరు. కండ్లల్ల నీళ్ళొచ్చినయి.”

“ఆ రోజే మాకెందుకు చెప్పలేదు?”

“చెప్తె ఏం చేస్తుంటిరి మంజూషా?”

“ఏం చేసేవాళ్ళమా? నేనయితే... నేనయితే అక్కడికక్కడే ఆ మేనేజరుని...”

“పోనీ తియ్యి. ఎవర్ని పెడ్తున్నరన్నా?”

“తారక్‌ని అనుకుంటున్నాం.”

“తారకా. మంచోడే. ఎడమ కాలు జర లేటేస్తడు. మంజూషా, నువ్వు చెయ్యి గట్టిగ పట్టుకుంటె సదురుకుంటడు.”

“అలా మాట్లాడకు జగదీశ్. నీకు కోపం రాదా? అసహ్యం వెయ్యదా? నాకైతే ఒంటి మీద ఏదో పాకుతున్నట్టుంది. ఇదిగో ఈ మనిషిని చూడు. మనకి నీతులు చెప్పి, నల్లవాళ్ళ కష్టాలు చెప్పి, మనల్ని ఏడిపించి, ఇవాళ ఆ క్లబ్బు గడప దగ్గర తోక ఊపుతున్నాడు. ఇతనితో ఒక గదిలో నిలబడాలంటేనే చీదరగా ఉంది నాకు.”

“మంజూషా, ఇంక ఆపు.”

“ఎందుకాపాలి?”

“ఆపితే మంచిది. నీకే మంచిది.”

“బెదిరిస్తున్నావా? చూశావా జగదీశ్, నన్ను బెదిరిస్తున్నాడు.”

“అన్న బెదిరిచ్చే మనిషి గాదు. ఇడువు.”

“నువ్వు అమాయకుడివి, నీకు తెలీదు. ఇది ఇవాళ మొదలైంది కాదు. పోస్టర్ చూశావా నువ్వు?”

“చూసిన.”

“అందులో నువ్వున్నావా?”

“చెయ్యి ఉన్నది.”

“మనిషి?”

“మంజూషా, వద్దు. నీకు దణ్ణం పెడతాను.”

“మనిషి లేడు. ఎందుకు లేడు? ఫొటోలో ఇద్దరం ఉన్నాం. నువ్వు పళ్ళన్నీ కనపడేట్టు నవ్వుతున్నావు. అంత మంచి ఫొటో మనకి ఇంకోటి లేదు. అందులోంచి నిన్ను ఎవరు తీసేశారు? క్లబ్బువాడా? వాడికి అప్పటికి నీ మొహమే తెలీదు.”

“గది గూడ నిజమే.”

“ఇదిగో, ఈ పెద్దమనిషే. అడుగు అతన్ని. నా ముందే అడుగు.”

“నువ్వేనా అన్నా?”

“మాట్లాడవేం భార్గవ్? ఇందాక అంత మాట్లాడావు.”

“అవును. నేనే అనుకో.”

“అనుకో ఏంటి? నువ్వా, కాదా?”

“నేనే. నేనే తీయించాను. చాలా?”

“విన్నావా జగదీశ్?”

“విన్న.”

“క్లబ్బువాడంటే పరాయివాడు, పోనీ అనుకుందాం. ఇతను మన మనిషి. నీతో కలిసి బెంచీలు మోసినవాడు, నీ టిఫిన్ డబ్బాలో చెయ్యి పెట్టి తిన్నవాడు. ఇంతకన్నా నీచం ఉంటుందా?”

“ఉండదు.”

“మరి ఒక్క మాట అనవేం అతన్ని?”

“అంట. భార్గవ్ అన్నా, నువ్వు మస్తు మంచోనివి. గింత మంచిగ ఉండొద్దు.”

“అదేంటి జగదీశ్? నేనేం చెప్తున్నాను, నువ్వేం అంటున్నావు?”

“గా పోస్టర్ ఏ ప్రెస్సుల అచ్చయింది?”

“నాకేం తెలుసు? భార్గవే చూసుకున్నాడు అవన్నీ.”

“యూసుఫ్‌గూడల. సందు మలుపు కాడ పచ్చ షట్టరు. ఎండ మస్తుగుండె గా రోజు. చున్నీ నెత్తిమీద కప్పుకోని ఆటో దిగినవు. గా ప్రెస్సు మా మేనమామ అంబదాస్‌ది. నా దుకాణానికి, ప్రెస్సుకు నడుమ ఒక్కటే గోడ.”

“భార్గవ్, నువ్వు నాకు చెప్పలేదేంటి?”

“ఆ ప్రెస్సు వాళ్ళ మామదని నాకు మాత్రం ఏం తెలుసు? పొద్దున ఫొటో ఇచ్చి వచ్చాను. సాయంత్రం నువ్వే ఫోన్ చేసి చెప్పావు, వెళ్ళి మార్పించి వచ్చానని. ఎవరికీ చెప్పొద్దని ఒట్టు కూడా వేయించుకున్నావు.”

“జగదీశ్, అది కాదు. మా బాబాయి రోజూ ఆ గోడల ముందు నుంచే ఆఫీసుకి వెళ్తాడు. పిన్ని కూరగాయలకి ఆ దారినే వస్తుంది. డాన్సంటే వాళ్ళకేం అభ్యంతరం లేదు, నా ఫొటో పడితే సంతోషిస్తారు కూడా. కానీ పక్కన... ఒక మగమనిషి అలా పట్టుకుని... నువ్వని కాదు, ఎవరైనా సరే...”

“తారక్ అయినా అంతేనా మంజూషా?”

“నువ్వు ఊరుకో భార్గవ్.”

“నేనేం అడగలే. నువ్వెందుకు చెప్తున్నవ్? ముందుగాల చెయ్యి సుత తియ్యమన్నవంట. అది తీస్తె నీ చెయ్యి గూడ పోతదమ్మా అన్నడంట మామ. సరే, చెయ్యి ఉండనియ్యి అన్నవంట.”

“నీకప్పుడే తెలుసా? తెలిసీ ఇన్ని రోజులూ క్లాసుకి వచ్చావా జగదీశ్? ఆమెతో ఆడావా?”

“ఆడిన అన్నా. మీరే చెప్తిరి గదా, చెయ్యి చాపితె కాదనొద్దని. ఆమె చాపింది, నేను పట్టుకున్న. పాట అయిపోయింది, ఇడిచిపెడ్తున్న.”

“జగదీశ్, నా మాట విను. నేను ఇవాళ ఆడను. నిజంగా ఆడను. బాబాయికి నేనే చెప్తాను, అందరికీ చెప్తాను...”

“వద్దు, ఆడుండ్రి. లంగా మంచిగొచ్చింది. గీ కోటు తారక్‌కు ఇయ్యుండ్రి. భుజాల కాడ జర లూజైతది, లోపట పిన్ను పెట్టుకుంటె తెలువది.”

“లూజు సంగతి ఎవరడిగారు నిన్ను? నన్ను తిట్టు. ఇందాక నేను భార్గవ్‌ని అన్నవన్నీ నన్నను.”

“మీరే అనుకున్నరు గదా అన్ని మాటలు. నేను కొత్తగ ఏం అనాలె?”

“మీరు అంటున్నావేంటి నన్ను?”

“అలవాటు. పాత అలవాటు.”

“ఆ రోజు నన్ను చూశావు కదా నువ్వు. గోడ అవతలే ఉన్నావు. నా గొంతు వినపడే ఉంటుంది. ఒక్కసారి బయటికి వచ్చి నిలబడి ఉంటే నేను ఆ మాట అనగలిగేదాన్నా? ఎందుకు రాలేదు?”

“చేతిల పని ఉండె మేడం.”

“అంత తెమలని పనేంటి?”

“ప్రెస్సుల కత్తెర మొద్దువోయింది. మామ నా మొఖం దిక్కు చూడకుండ ఫొటో తెచ్చి నా చేతిల పెట్టి, సాఫ్‌గ కోసియ్యిరా అన్నడు. మీరు పెన్ను తోని గీసిన గీత మీదనే కోసిన, జర సుత దాటలే.”